మక్తబ్, మదర్సా, గురుకులం: మసీదు కేంద్రాల చదువుల్లో మీ ఇంటికి సరిపడేది ఏది?

ఏప్రిల్ చివరివారంలో బడులకు సెలవులు ఇవ్వగానే మసీదు మెట్ల దగ్గర తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఏటా ఒకటే. బాబును హిఫ్జ్‌లో, అంటే ఖురాన్ కంఠస్థం చేసే చదువులో, చేర్చాలా, లేక బడి మాన్పించకుండా సాయంత్రం అరబీ చదువుకు పంపితే సరిపోతుందా? గురుకులంలో సీటు వచ్చింది, అక్కడ దీన్ (మతపరమైన చదువు, ఆచరణ) సంగతి ఎవరు చూస్తారు? అమ్మాయికి పదకొండేళ్లు నిండాయి, ఇక మక్తబ్ మాన్పించాలా? కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో మసీదుకు అనుబంధంగా నడిచే విద్యా విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా ఈ ప్రశ్నలకు నేను చెప్పే జవాబు ఇంటింటికీ మారుతుంది గాని, జవాబు వెతికే దారి మాత్రం మారదు. పిల్లల రోజులో నిజంగా మిగిలే గంట ఏదో ముందు లెక్క వేయాలి. ఆ గంటలో ఎదురుగా కూర్చునే ఉస్తాద్ (గురువు) ఎవరో, ఏ భాషలో చెబుతారో తరువాత చూడాలి. భవనం, పేరు, ఫీజు ఆ తరువాతి మాట.

మొదట పదాల గందరగోళం తీర్చుకోవాలి. మక్తబ్ అంటే రోజూ బడికి వెళ్లే పిల్లలు ఉదయమో సాయంత్రమో గంటా గంటన్నర వచ్చి ఖురాన్ పఠనం, నమాజు, దువాలు నేర్చుకునే చోటు. మదర్సా అంటే పూర్తికాలపు చదువు. చాలావాటిలో వసతి కూడా అక్కడే. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల ముస్లిం పిల్లలందరూ మదర్సాల్లోనే చదువుతారన్న అపోహ ప్రబలింది. దేశంలో ముస్లింల స్థితిగతులపై 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ తేడాను ప్రత్యేకంగా ఎత్తిచూపి, బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవారు సుమారు 3 శాతం మాత్రమేనని తేల్చింది. అంటే నూటికి తొంభైఏడుగురు పిల్లల విషయంలో అసలు ప్రశ్న మదర్సా గురించి కాదు, బడి చదువుకు తోడుగా ఏం పెట్టాలన్నదే. కనుక ఈ పోలికలో ఎక్కువ చోటు మక్తబ్‌కే ఇస్తున్నాను.

మక్తబ్ సాధారణంగా రెండు వేళల్లో నడుస్తుంది. తెల్లవారుజామున ఫజర్ నమాజు తరువాత బడి బస్సు వచ్చేలోగా ఒకటి, సాయంత్రం అసర్ నమాజు నుంచి పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు వరకు ఇంకొకటి. ఉదయపు వేళకు పిల్లల బుర్ర తేటగా ఉంటుంది, పాఠం త్వరగా పడుతుంది. అయితే ఎనిమిదింటికే బస్సెక్కే ప్రైవేటు బడి పిల్లలకు అది టిఫినుకూ స్నానానికీ పోటీ అవుతుంది. సాయంత్రపు వేళ ఐదో తరగతి దాకా బాగానే సాగుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి స్టడీ అవర్ల పేరుతో బడి చీకటిపడే దాకా లాగుతుంది కాబట్టి, సాయంత్రపు మక్తబ్ మీద ఆధారపడేవారు ఏడో తరగతిలోపే నాజిరా, అంటే చూసి తప్పులేకుండా ఖురాన్ మొత్తం చదవడం, పూర్తయ్యేలా లెక్క వేసుకోవాలి. ఆరేళ్లకు ఖాయిదాతో, అంటే అరబీ అక్షరాల తొలి పుస్తకంతో, మొదలుపెట్టి మధ్యలో మానకుండా వచ్చిన సాధారణ పిల్లవాడికి ఇది సాధ్యమే. తొమ్మిదేళ్లకు మొదలుపెట్టి, ప్రతి పరీక్షల నెలలోనూ మానేసేవాడికి సాధ్యం కాదు. ఆ ఇంటివారు ఉదయపు బ్యాచ్ వెతుక్కోవడం మంచిది.

మక్తబ్‌ను ఎంచుకునేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది: ఒక్కో ఉస్తాద్ దగ్గర ఎంతమంది పిల్లలు? అరబీ పఠనం పలకమీద రాసి అందరికీ ఒకేసారి చెప్పగలిగే పాఠం కాదు. ఒక్కొక్కరు వచ్చి తమ సబక్ (ఆనాటి పాఠం) వినిపించాలి, ఉస్తాద్ విని దిద్దాలి. నలభై మంది పిల్లలు, అరవై నిమిషాల సమయం ఉన్నప్పుడు ఒక్కొక్కరికి దక్కేది నిమిషంన్నర. మిగతా యాభైఎనిమిది నిమిషాలు పిల్లవాడు ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చుంటాడు, పక్కవాడితో గిల్లికజ్జాలు పెట్టుకుంటాడు, ఇంటికొచ్చి ‘చదివాను’ అంటాడు. పదిహేను మంది ఉన్నచోట అదే గంటలో నాలుగు నిమిషాలు దక్కుతాయి; ఈ తేడా ఏడాది తిరిగేసరికి ఎంతవుతుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. ఉచితంగా నడిచే పెద్ద మక్తబ్‌కూ, నెలకు కొంత రుసుము తీసుకుని చిన్న బృందాలు నడిపే మక్తబ్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను రెండోదానివైపే మొగ్గుతాను. రుసుము కట్టలేని పిల్లలకు మినహాయింపు ఇస్తారా అని మాత్రం అడిగి తెలుసుకుంటాను. ఇవ్వనిచోట నా పిల్లవాణ్ని కూడా చేర్చబుద్ధి కాదు.

భాష సంగతి ఇంతకన్నా సున్నితమైనది. హైదరాబాద్ పాతబస్తీలోనో కర్నూలులోనో ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లలకు ఉస్తాద్ ఉర్దూలో వివరిస్తే అర్థమవుతుంది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల పల్లెల్లో పరిస్థితి వేరు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ పిల్లలు చదివేదీ రాసేదీ తెలుగూ ఇంగ్లీషే. అలాంటి పిల్లలకు బీహారు నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చిన ఉస్తాద్ చక్కటి తజ్వీద్ (ఖురాన్‌ను సరైన ఉచ్చారణతో చదివే పద్ధతి) నేర్పగలరు గాని, నమాజులో తాము పలికేదానికి అర్థమేమిటో మాత్రం పిల్లలకు అందదు. తెలుగులో చెప్పగల ఉస్తాద్ దొరికినచోట పఠనం కొంచెం మోటుగా ఉన్నా అర్థం నిలుస్తుంది. రెండూ ఒకరిలోనే దొరకడం అరుదు కనుక, పఠనానికి ఒకరినీ, వారానికి ఒకరోజు తెలుగులో అర్థం చెప్పడానికి మరొకరినీ పెట్టుకున్న కేంద్రం కనిపిస్తే దాన్ని వదులుకోకూడదు.

తెలుగులో వివరించడం వేరు, తెలుగు లిపిలో అరబీ నేర్పడం వేరు. సూరాలను, అంటే ఖురాన్ అధ్యాయాలను, తెలుగు అక్షరాల్లో అచ్చువేసిన చిన్న పుస్తకాలు పెద్దవయసులో నమాజు మొదలుపెట్టినవారికి ఊతకర్రలా పనికొస్తాయి. పిల్లలకు వాటితోనే మొదలుపెట్టించే మక్తబ్‌కు దూరంగా ఉండటం మేలు. అరబీలో సీన్, సాద్, సే అనే మూడు వేర్వేరు అక్షరాలకూ మనకు దొరికేది ఒక్క ‘స’. రెండు రకాల ‘హ’లకూ ఒక్క ‘హ’. గొంతు లోపలినుంచి పలికే ఖాఫ్‌తో ‘ఖల్బ్’ అంటే హృదయం, మామూలు కాఫ్‌తో ‘కల్బ్’ అంటే కుక్క. తెలుగు పుస్తకంలో చూసి చదివే పిల్లవాడికి మొదటిది ‘ఖడ్గం’లోని ‘ఖ’లా వినబడుతుంది, రెండోది ‘కలం’లోని ‘క’లా, ఖాఫ్ అసలు ధ్వని ఈ రెంటిలోనూ లేదు. చిన్నప్పుడు నాలుకకు పట్టిన ఈ అలవాటును తరువాత వదిలించడం ఎంత కష్టమో పెద్దవయసులో తజ్వీద్ తరగతులకు వచ్చేవారిని అడిగితే తెలుస్తుంది.

ఆదివారపు తరగతులు, వేసవి శిబిరాలు, ఆన్‌లైన్ పాఠాలు ఈ రోజువారీ మక్తబ్‌కు బదులు కాలేవు, తోడు మాత్రం కాగలవు. నలభై రోజుల వేసవి శిబిరంలో ప్రవక్త జీవిత విశేషాలు, నమాజుకు ముందు చేసే వుజూ పద్ధతి, చిన్న సూరాలు బాగా నేర్పవచ్చు. పఠనం మాత్రం రోజూ సాధన లేకపోతే జూలై దాటేసరికి జారిపోతుంది. ఆన్‌లైన్ పాఠం ఒక్కరికి ఒక్కరుగా జరిగితే నలభై మంది కిక్కిరిసిన గదికన్నా నయమే, ముఖ్యంగా తొమ్మిది, పది తరగతుల పిల్లలకు. అయితే పక్కన పెద్దవాళ్లు ఎవరైనా కూర్చోకపోతే ఆ ఫోన్‌లో పాఠం ఎంతసేపు నడుస్తుందో అందరికీ తెలిసిందే. డాలస్, షికాగో వంటి చోట్ల స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకు ఆదివారపు బడే ప్రధాన ఏర్పాటు. అక్కడ ఇంగ్లీషులో అర్థం బాగా చెబుతారు, పఠనానికి మాత్రం వారానికి ఒకరోజు చాలదు గనుక చాలామంది ఇక్కడి ఉస్తాద్‌లతోనే ఆన్‌లైన్‌లో చదివిస్తున్నారు. ఆ కలయిక బాగానే ఉంది.

ఇక హిఫ్జ్. ఖురాన్ మొత్తం, 30 భాగాలు, 114 సూరాలు కంఠస్థం చేయడం. ప్రతి ఇంట్లోనూ ఒక హాఫిజ్ ఉండాలన్న కోరిక సహజమైనదీ గౌరవించదగినదీ. ఆ కోరిక బలంగా ఉన్నచోట లెక్క మరుగున పడిపోతుంది కాబట్టి దీని గురించి కాస్త విడమరచి చెప్పాలి. హిఫ్జ్‌కు వాడే ప్రతిలో దాదాపు 600 పేజీలు ఉంటాయి. రోజుకొక పేజీ కొత్త సబక్ ఇచ్చినా, సెలవులు, జ్వరాలు, పాతపాఠం తిరిగేయడానికి పోయే రోజులు కలుపుకుంటే రెండున్నర నుంచి మూడేళ్లు పడుతుంది. అదీ రోజంతా అదే పనిమీద ఉండే పిల్లవాడికి. కష్టమంతా కొత్తపాఠంలో లేదు, ఇటీవలి పాఠాన్నీ, ఆమోఖ్తా అనే పాతపాఠాన్నీ రోజూ వినిపించడంలో ఉంది. కొత్త సబక్ ఎంత వేగంగా సాగుతోందో గొప్పగా చెప్పే హిఫ్జ్ విభాగం కన్నా ఆమోఖ్తా వినకుండా కొత్త సబక్ ఇవ్వని విభాగం మంచిది. అక్కడ పూర్తిచేసిన కుర్రవాళ్లలో ఎంతమంది రమజాన్ రాత్రుల్లో ఖురాన్‌ను కంఠస్థంగా వినిపించే తరావీహ్ నమాజు నడిపించగలుగుతున్నారని అడిగితే నిజం బయటపడుతుంది.

హిఫ్జ్‌కు మూడు దారులున్నాయి. పూర్తిగా బడి మాన్పించి మూడేళ్లు చదివించడం ఒకటి. ఉదయం హిఫ్జ్, మధ్యాహ్నం బడి పాఠాలు నడిపే ‘హిఫ్జ్ విత్ స్కూల్’ పద్ధతి రెండోది. హైదరాబాద్‌లో ఇవి బాగా పెరిగాయి. బడి చదువు చెడకుండా సాయంత్రం మక్తబ్‌లోనే రోజుకు నాలుగైదు వరుసల చొప్పున ఏళ్ల తరబడి కంఠస్థం చేయించడం మూడోది. మొదటిదాంట్లో హిఫ్జ్ గట్టిగా వస్తుంది. పదేళ్లకు వెళ్లి పదమూడేళ్లకు తిరిగివచ్చినవాడు లెక్కల్లో, సైన్సులో వెనకబడి ఉంటాడు. విద్యాహక్కు చట్టం 2009లోని 4వ సెక్షన్ ప్రకారం అలాంటి పిల్లవాణ్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడినదాన్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ మాట తల్లిదండ్రులకు తెలియక ఐదో తరగతిలోనే మళ్లీ కూర్చోబెడతారు, మీసాలు మొలుస్తున్న కుర్రవాడు చిన్నపిల్లల మధ్య సిగ్గుపడి మానేస్తాడు. రెండో పద్ధతి కాగితంమీద అందరికీ నచ్చుతుంది. దాన్ని ఎంచుకునేముందు బడి పాఠాలు చెప్పే టీచర్లు బీఈడీ చేసినవారేనా, ఆ సంస్థకు గుర్తింపు ఉందా, పదో తరగతి పరీక్ష ఏ బోర్డు కింద రాయిస్తారు అని రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మూడోది నెమ్మదిగా సాగుతుంది, మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అయినా చివరి రెండు మూడు భాగాలు నిలిచినా అవి జీవితాంతం నమాజుల్లో ఉపయోగపడతాయి. పిల్లవాడికి తానుగా ఆసక్తి ఉందా లేదా అన్నది ఒక నెల మక్తబ్‌లో వినిపించి చూస్తే తెలిసిపోతుంది. తాతగారి మొక్కు తీర్చడానికి పంపిన పిల్లలు హాస్టల్ గోడ దూకి వచ్చిన సందర్భాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఆలిమ్ కోర్సు, అంటే అరబీ వ్యాకరణం, హదీసు (ప్రవక్త వచనాలు), ఫిఖ్హ్ (ధర్మశాస్త్రం) లోతుగా చదివే మదర్సా విద్య, ఒక వృత్తిని ఎంచుకోవడం లాంటిది. 1876లో మొదలైన హైదరాబాద్ జామియా నిజామియా వంటి పాత సంస్థల్లో మౌల్వీ, ఆలిమ్, ఫాజిల్, కామిల్ అంటూ మెట్లుమెట్లుగా పట్టాలున్నాయి. ఈ దారిలో పంపేవారు పదో తరగతి సర్టిఫికెట్ మాత్రం వదులుకోకూడదు. పద్నాలుగేళ్లు నిండినవారు ఓపెన్ స్కూల్ ద్వారా, తెలంగాణలో టాస్, ఆంధ్రలో ఏపీ ఓపెన్ స్కూల్, లేదా జాతీయ సంస్థ ఎన్ఐఓఎస్ ద్వారా పదో తరగతి రాయవచ్చు. 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మదర్సా పట్టభద్రుల కోసం బ్రిడ్జి కోర్సులు నడుపుతోంది. ఈ దారులన్నీ తెరిచి ఉంచే మదర్సాకూ, ‘దునియా చదువుతో మాకు పనిలేదు’ అనే మదర్సాకూ మధ్య ఎంపిక చేసేటప్పుడు తడబడనవసరం లేదు.

గురుకులాల సంగతి వేరుగా చూడాలి. తెలంగాణ మైనారిటీ గురుకులాలు 2016లో 71 బడులతో మొదలై, తరువాత 204కు చేరాయి. అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేర్వేరు ప్రాంగణాలు, ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీషు మాధ్యమం, భోజనం, వసతి ఉచితం. సీట్లలో 75 శాతం మైనారిటీలకు, మిగతావి ఇతర వర్గాలకు. ఆంధ్రప్రదేశ్‌లోనూ గురుకుల విద్యాలయ సంస్థ కింద మైనారిటీ బడులు ఉన్నాయి గాని సంఖ్య తక్కువ. ఇంట్లో చదువుకునే చోటు లేని, తండ్రి ఆటో నడిపే, తల్లి బీడీలు చుట్టే ఇంటి అమ్మాయికి గురుకులంలో సీటు వస్తే మక్తబ్ పోతుందని వెనకాడటం తప్పు అని నా అభిప్రాయం. ఆమె వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు నాజిరా కొనసాగించే ఏర్పాటు చేయవలసినది మసీదు కేంద్రం. సెలవులకు వచ్చే గురుకుల పిల్లలకోసం ప్రత్యేక బ్యాచ్ నడిపే కేంద్రాలు తక్కువే. మీ ఊళ్లో లేకపోతే జుమా (శుక్రవారపు నమాజు) తరువాత మసీదు కమిటీని అడగండి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

చదువు తరువాత సామాజిక కార్యక్రమాలు. ఇక్కడ పోలిక కన్నా నిదానం ముఖ్యం, ఎందుకంటే ఈ కార్యక్రమాల్లో చాలావాటికి బ్యానరు పెద్దది, పని చిన్నది. మా కమిటీయే ఒకప్పుడు మహిళల కోసం పన్నెండు కుట్టు మిషన్లు కొన్నది. ప్రారంభోత్సవానికి పెద్దలు వచ్చారు, ఫొటోలు దిగారు. ఆరు నెలలకు మిషన్ల మీద దుమ్ము పేరుకుంది. నేర్పడానికి వచ్చిన టీచరు సాయంత్రం మగ్రిబ్ వేళకు పాఠం పెట్టింది. ఇంట్లో వంట, పిల్లల పని ఉండే వేళకు ఏ ఆడమనిషి వస్తుంది? పదకొండు నుంచి ఒంటిగంట దాకా మార్చాక గది నిండింది. కుట్టు నేర్చినవాళ్లకు తరువాత బ్లౌజుల పని దొరుకుతుందా, లేక ఇంట్లో సొంత బట్టలు కుట్టుకోవడంతో ఆగిపోతుందా అన్నది ఇంకో ప్రశ్న. ఒకే వీధిలో ముప్పైమందికి కుట్టు నేర్పితే ఎవరికీ కూలి గిట్టదు. డిగ్రీ పాసై ఇంట్లో ఉన్న అమ్మాయిలు ఎక్కువగా ఉన్న ఊళ్లో కుట్టుకన్నా టాలీ, కంప్యూటర్, గ్రూప్స్ పరీక్షల పఠనకేంద్రం పనికొస్తాయి. కేంద్రాన్ని ఎంచుకునేవారు పోయిన బ్యాచ్‌లో నేర్చుకున్న ఇద్దరి ఇళ్లకు వెళ్లి మాట్లాడితే చాలు.

సాయంత్రపు ట్యూషనూ, చదువుకునే గదీ ఈ రెంటిలో ఒకదాన్నే నడపగల స్తోమత ఉన్న కేంద్రాలు సాధారణంగా ట్యూషన్ ఎంచుకుంటాయి. పదో తరగతి లెక్కలకు మంచి టీచరు దొరికితే అదే సరైనది. టీచరు అంతంతమాత్రమైతే, రాత్రి పదింటి దాకా లైటు, ఫ్యాను, నిశ్శబ్దం, దినపత్రికలు ఉండే గది ఇచ్చినా పిల్లలు బాగుపడతారు. ఇరుకు ఇళ్లలో ఇవన్నీ దొరకవు.

ధనసహాయం విషయంలో జకాత్ (విధిగా ఇవ్వవలసిన దానం), బైతుల్‌మాల్ (మసీదు ఉమ్మడి నిధి) రుణం, ప్రభుత్వ పథకం అనే మూడింటినీ కలగాపులగం చేస్తారు. ఏడాది నిలిచిన సొమ్ములో 2.5 శాతంగా తీసే జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. నిసాబ్‌కు, అంటే 612 గ్రాముల వెండి విలువకు మించిన ఆస్తి అవసరాలకు పోను మిగిలినవారికి అది పనికిరాదు. ఫీజు కట్టలేని విద్యార్థికి జకాత్ ఇవ్వవచ్చు గాని, హనఫీ ధర్మశాస్త్ర శాఖ ప్రకారం అది అతని సొంతం అయ్యేలా చేతికి ఇవ్వాలి. అదే సొమ్ముతో కేంద్రం భవనానికి అద్దె కట్టడం చెల్లదని ఎక్కువమంది ముఫ్తీలు చెబుతారు. కనుక జకాత్ లెక్కనూ మామూలు చందా లెక్కనూ వేరువేరు పుస్తకాల్లో రాసే కేంద్రాన్నే నమ్మండి, ఇచ్చేవారైనా పుచ్చుకునేవారైనా. కాస్త సంపాదన ఉండి అత్యవసరంగా ఇరవై ముప్పై వేలు కావలసిన చిరువ్యాపారికి జకాత్ కన్నా వడ్డీలేని ఖర్జ్ (అప్పు) మేలు: గౌరవం నిలుస్తుంది, సొమ్ము తిరిగివచ్చి ఇంకొకరికి పనికొస్తుంది. అయితే వాయిదాలు వసూలు చేయగల గట్టిమనిషి కమిటీలో లేనిచోట బైతుల్‌మాల్ రెండేళ్లలో ఖాళీ అవుతుంది.

ప్రభుత్వ పథకాలకు దరఖాస్తు పెట్టించే సహాయ కేంద్రం చూడటానికి ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్ మాత్రమే. ఏ కుట్టు కేంద్రమూ చేయలేనంత మేలు అది చేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చట్టం ద్వారా ముస్లింలలోని వెనకబడిన వర్గాలకు వచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషన్ ఉపయోగించుకోవాలంటే సకాలంలో కుల ధ్రువపత్రం ఉండాలి. దూదేకుల, నూర్‌బాషా వారు బీసీ-బీ కిందికి వస్తారన్నది తెలియక తప్పుగా దరఖాస్తు చేసి సీటు పోగొట్టుకున్నవారున్నారు. తెలంగాణలో 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలైన షాదీ ముబారక్ అనే పెళ్లి సహాయ పథకం 2018 నాటికి 1,00,116 రూపాయలైంది. దానికి వధువుకు పద్ధెనిమిదేళ్లు నిండాలి, ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరు నుంచి అలాంటి పథకమే అయిన షాదీ తోఫాకు వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు పెట్టినప్పుడు, ఏడో తరగతిలో చదువు మానేసిన కుర్రవాళ్ల తల్లులు మా బల్ల దగ్గరికి వచ్చి ఓపెన్ స్కూల్ దరఖాస్తులు అడిగారు. కేంద్ర ప్రభుత్వం 1 నుంచి 8 తరగతుల మైనారిటీ ఉపకారవేతనాలను 2022లో ఆపివేసిన తరువాత చిన్నతరగతుల పిల్లల ఫీజు భారం మళ్లీ మసీదు కేంద్రాల మీదే పడింది. అందుచేత పథకాల సమాచారం ఏటా సరిచూసుకునే మనిషి ఉన్న కేంద్రానికి, పాత కరపత్రాలు పంచే కేంద్రానికి చాలా తేడా ఉంది.

షాదీఖానా అద్దెలు, ఉచిత వైద్య శిబిరాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నెలకొకసారి వచ్చే శిబిరం కన్నా, రోజూ రెండు గంటలు కూర్చునే ఒక డాక్టరు, బీపీ, షుగరు చూసే నర్సు ఉన్న చిన్న గది మేలు. హైదరాబాద్‌లో కొన్ని మసీదుల ఆవరణల్లో ఇలాంటి రోజువారీ కేంద్రాలు అన్ని మతాలవారికీ వైద్యం చేస్తున్నాయి.

ఏ కేంద్రాన్ని చూడటానికి వెళ్లినా నేను మొదట చూసేది అమ్మాయిల హాజరు పుస్తకం. ఆరేడేళ్ల అమ్మాయిలు అన్నిచోట్లా ఉంటారు. పన్నెండేళ్లు దాటినవారు ఎంతమంది? ఆపా (పాఠం చెప్పే మహిళ) ఉందా, ప్రత్యేకమైన గది, మరుగుదొడ్డి, చీకటిపడకముందే ఇంటికి చేరే వేళ ఉన్నాయా? ఇవి ఉన్నచోట పద్నాలుగేళ్ల అమ్మాయిలు కూడా వస్తారు. లేనిచోట తల్లిదండ్రులు ‘పెద్దదైంది’ అన్న ఒక్క మాటతో మాన్పిస్తారు. అబ్బాయిని చేర్చడానికి వచ్చిన తండ్రులకు కూడా ఇదే చూడమని చెబుతాను. పెద్దపిల్లల భద్రత గురించి ఆలోచించిన కేంద్రం చిన్నపిల్లలను కొట్టనివ్వదు, ఒంటరి గదిలో పాఠం చెప్పనివ్వదు, తలుపు తెరిచే ఉంచుతుంది. బెత్తం కనిపిస్తే వెనక్కి తిరగండి, ఆ ఉస్తాద్ పఠనం ఎంత మధురంగా ఉన్నా.

చివరగా చేరే నెల సంగతి. బడులు జూన్‌లో తెరుస్తారు. మదర్సాల విద్యాసంవత్సరం రమజాన్ ముగిశాక షవ్వాల్ నెలలో మొదలై షాబాన్‌లో ముగుస్తుంది. చాంద్రమాన సంవత్సరం ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో మన దేశంలో ఈదుల్ ఫితర్ మార్చి 31న వచ్చింది కాబట్టి ఆ ఏడు రెండు ప్రవేశాల మధ్య రెండు నెలల గడువు దొరికింది, బడి పరీక్షలు రాసి హిఫ్జ్‌లో చేరడానికి పెద్ద ఇబ్బంది లేకపోయింది. 2028 నాటికి షవ్వాల్ ఫిబ్రవరి చివరికి జరుగుతుంది. అప్పుడు మదర్సాలో సీటు కోసం పిల్లవాణ్ని వార్షిక పరీక్షలు రాయించకుండానే తీసుకువెళ్లే తొందర పుడుతుంది. ఇప్పుడు నాలుగైదు తరగతులు చదువుతున్న పిల్లవాణ్ని హిఫ్జ్‌కు పంపే ఆలోచన ఉన్నవారు మదర్సా వారితో ముందే మాట్లాడి, ఏప్రిల్‌లో పరీక్షలు అయ్యేదాకా సీటు ఆపేలా ఒప్పించుకోవాలి. ఆ నెలా నెలన్నరలో పిల్లవాడు ఊరి మక్తబ్‌లోనే, మదర్సాలో వాడే ముద్రణ ప్రతిలోనే సబక్ మొదలుపెట్టవచ్చు. పేజీలో ఏ వాక్యం ఎక్కడ ఉందో కంటికి గుర్తుండిపోతుంది గనుక, ప్రతి మాత్రం మధ్యలో మార్చకూడదు.